ఆధారం గడిలో నేను రాసింది

నా చేతిరాత బాగుంటుందని మా ఊళ్లో పేరు. పంచాయతీకి అర్జీ రాయాలన్నా, బ్యాంకులో ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. ఇంట్లో తెలుగే అయినా కన్నడ బడిలో చదువుకున్నవాణ్ణి. అక్షరాలు గుండ్రంగా, గీత తప్పకుండా పడతాయి. ఆ రాతతోనే నా భార్య చెప్పిన మాటలని చెప్పి ఒక నోటుబుక్కు నింపాను. అందులో సగానికి పైగా ఆమె అనని మాటలు. ఆమె అన్నవాటిలో ముఖ్యమైనవి అందులో లేవు. ఆమె మనసు కుదుటపడడానికని ఒక మేడం ఇచ్చిన పుస్తకం అది. ఆ మనసు చెడగొట్టినవాడి చేతికే కలం వచ్చింది.

ఆమె మా మేనమామ కూతురు. పుట్టిల్లు మడకశిర అవతల ఒక పల్లె. బడికి పోలేదు. పెళ్లయి ఇరవై నాలుగేళ్లయినా సంతలో బేరమాడేంత కన్నడమే వచ్చు. టౌనువాళ్లు గబగబా మాట్లాడితే సగం అందక నా ముఖం చూస్తుంది.

సేద్యం మాత్రం ఆమెదే. పొలం కాగితం పహణిలో పేరు నాదే అయినా, ఏ రోజు విత్తాలో, ఏ కూలిమనిషిని ఏ సాలులో పెట్టాలో ఆమె చెప్పాల్సిందే. విత్తనానికి చెనక్కాయలు ఒలిచేటప్పుడు అనుమానం వచ్చిన ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. నేను ట్రాక్టరు మాట్లాడేవాణ్ణి, ఎరువు మూటలు దించేవాణ్ణి, వాన రాకపోతే నలుగురితో కలిసి ఆకాశాన్ని తిట్టేవాణ్ణి.

సోలార్ పార్కుకు చుట్టుపక్కల అందరూ భూములు గుత్తకిచ్చినప్పుడు నేనూ ఇచ్చాను. ఇవ్వడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. వరసగా ఎన్నేళ్లు ఎండిపోయాయో మాకు తెలుసు. కానీ సంతకం పెట్టి వచ్చాకే ఆమెకు చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

“విత్తనం ఒలిచి పెట్టినానే బావా. దాన్నేం చేద్దాం?”

“ఏయించుకోని తిందాం,” అన్నాను. నాకు నవ్వొచ్చింది కూడా.

సోలార్ పలకలు లేచాక నాకు అక్కడే పని దొరికింది. పలకల కింద పెరిగే గడ్డి కోసే ఆడవాళ్ల మీద సూపర్వైజరు. పసుపు టోపీ, మెరిసే గీతల కోటు. మంగళవాడ వైపు నుంచి ఆటోలో వచ్చేవాళ్లలో కొందరు ఒకప్పుడు మా చేలోనే కలుపు తీసినవాళ్లు. నేను పేర్లు పిలిచి హాజరు వేసుకునేవాణ్ణి. ఆమె ఇంట్లో ఒక్కతే ఉండేది. కూతురికి అప్పటికే పెళ్లయి హిరియూరు పోయింది.

ఒక రోజు పొద్దున ఆటో ఆగింది. ఆ ఆడవాళ్లతో పాటు నా భార్య దిగింది. తలకు టవలు చుట్టుకుని, చేతిలో కొడవలితో.

“ఏంది మే, ఈడికొచ్చినావు?”

“గడ్డి కోసేకి. ఇంట్లో కూసోని ఏం చేయల్ల? మన చేనే కదా బావా.”

వెనక నుంచి ఒకామె అంది: “సార్, అక్కకు హాజరెయ్యి సార్. అక్క వస్తే ఇంగ మాకు సూపర్వైజరు అక్కే. నీకు కొడవలి ఇస్తాము.”

అందరూ నవ్వారు. హాస్యానికే అన్నారు, అందులో విషం లేదు. కానీ పక్కనే జీపు దగ్గర ఇద్దరు కుర్ర ఇంజనీర్లు నిలబడి చూస్తున్నారు. నా చెవులు కాలిపోయాయి. నా భార్య కూలికి వచ్చిందని వాళ్లు అనుకుంటారు, అదే నా మనసులో ఉన్నది.

“నీకు చేతనయ్యే పని ఈడేమీ లేదు,” అన్నాను గట్టిగా, ఆ ఇద్దరికీ వినబడేలా. “నువ్వు ఇంగ ఏ పనికీ రావు. ఇంటికి పో.”

అని నేను నవ్వాను. నేను నవ్వానని వాళ్లూ నవ్వారు. ఆమె కొడవలి చంకలో పెట్టుకుని రోడ్డు పట్టుకుని నడిచి పోయింది. ఇంటికి నాలుగు కిలోమీటర్లు. ఆటోను ఆపి ఎక్కించాలని కూడా నాకు తోచలేదు. సాయంత్రం ఇంటికి పోతే అన్నం వండి ఉంది. విషయం అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. కొద్ది వారాల్లో ఆమె పొద్దున లేవడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోదు. పిలిస్తే “ఊఁ” అంటుంది, లేవదు. రెండు ముద్దలు తినే మనిషి నాలుగు వేళ్లతో కెలికి గిన్నె పక్కన పెట్టేది. నేను తాయెత్తు కట్టించాను, సూదులు వేయించాను, తలకు స్కానింగు తీయించాను. అన్నీ బాగున్నాయన్నారు. చివరకు పావగడలో ఒక డాక్టరు ఆమెను నిదానంగా ప్రశ్నలడిగి, ఇది మనసుకు వచ్చే జబ్బు, మందులతో పాటు మాటలతో కూడా నయం చేస్తారని చెప్పి, మంగళవారం వచ్చే కౌన్సెలింగు మేడం దగ్గరికి పంపించాడు.

మేడంకు ముప్పై ఏళ్లుంటాయేమో. ఊరు తుమకూరు అవతల, తెలుగు ఒక్క ముక్క రాదు. నేను మధ్యలో కూర్చుని అటుదిటు, ఇటుదటు చెప్పేవాణ్ణి. మేడం ఒక కాగితం మీద నాలుగు సున్నాలు గీసింది. ఒకటి జరిగిన సంగతి, రెండోది దాన్ని చూసి మనసులో లేచిన ఆలోచన, మూడోది ఒంట్లో కలిగే బరువు, దిగులు, నాలుగోది మనం చేసే పని, లేదా చేయక మానుకునే పని. ఆలోచన దిగులును పెంచుతుంది, దిగులుతో మనిషి పడుకుంటుంది, పడుకుంటే ఆలోచన మరీ నిజమనిపిస్తుంది. ఈ చక్రం ఎక్కడో ఒక చోట ఆపాలి. ఆలోచన వచ్చినంత మాత్రాన అది నిజమైపోదు, దానికి ఆధారం ఉందా లేదా అని చూడాలి. మేడం ఇదంతా కన్నడంలో చెప్పింది.

నా భార్య నేల చూస్తూ కూర్చుంది. నేను నా మాటల్లో చెప్పాను: “కాయ కనపడినంత మాత్రాన లోపల గింజ ఉండాదని కాదు. ఊపి చూడల్ల అంటాంది మేడం.”

ఆమె తల ఎత్తింది. నెలల తర్వాత మొదటిసారి ఒక మాట ఆమె లోపలికి పోయింది. మేడం కూడా గమనించి, ఏం చెప్పారని అడిగి, చాలా బాగా చెప్పారంది. నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడే నోటుబుక్కు ఇచ్చింది. పేజీకి ఐదు గళ్లు గీసి పెట్టింది. ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, దిగులు నూటికి ఎంత, ఆ ఆలోచనకు ఆధారం ఏమిటి, దానికి ఎదురు ఆధారం ఏమిటి. రోజుకొకటైనా రాయాలి. ఆమె చెప్పాలి, నేను రాయాలి, మేడం చదువుతుంది కాబట్టి కన్నడంలో. దాంతో పాటు ఇష్టం ఉన్నా లేకున్నా రోజూ ఒక చిన్న పని చేయాలి. గడప కడగడం, మొక్కకు నీళ్లు పోయడం, ఏదైనా.

మొదటి సాయంత్రం బయట అరుగు మీద కూర్చున్నాం.

“ఏం జరిగింది, చెప్పు.”

“పొద్దన్నే నువ్వు టోపీ పెట్టుకోని పోతా ఉంటివి.”

“ఊఁ. ఏం ఆలోచన వచ్చింది?”

“ఏ పనికీ రావు అనేది మల్లా ఇనపడింది.”

కలం ఆగింది. ఈ పుస్తకం మంగళవారం మేడం చదువుతుంది. నేను ఇలా రాశాను: పనికి పోయేవాళ్లను చూసింది. నేను పనికిరానని ఆలోచన వచ్చింది. ఇనపడింది అన్న మాట నేను రాయలేదు.

“దిగులు ఎంత? నూటికి.”

ఆమె ఆలోచించింది. “నూటికంటే నాకు తెలీదు. తట్టెడు కాదు, గంపెడు కాదు. మూట. ఇంగొకరు ఎత్తిపెడితే గాని నెత్తికి ఎక్కని మూట.”

నేను నలభై అని రాశాను.

“ఆధారం?”

“నువ్వే అంటివి కదా బావా, అందరి ముందర.” తప్పు పట్టినట్టు అనలేదు. అడిగినందుకు జవాబు చెప్పింది, అంతే.

ఆధారం గడిలో నేను ‘ఏనూ ఇల్ల’ అని రాశాను. ఏమీ లేదని. ఎదురు ఆధారం గడిలో రాసింది ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి. ‘నా భర్త నన్ను బాగా చూసుకుంటాడు.’ ఆమె ఆ మాట అనలేదు. అనడానికి నేను సందు కూడా ఇవ్వలేదు. ఆ గడి ఆమెను అడగకుండానే నింపాను.

అలా రోజూ. కొన్ని రోజులు ఆమె వేరే సంగతులు చెప్పేది, అవి ఉన్నవి ఉన్నట్టు రాసేవాణ్ణి. ఆ మాట వచ్చినప్పుడల్లా దాన్ని అన్నవాడు పేజీలో ఉండేవాడు కాదు. అబద్ధం రాస్తున్నానని నాకు అప్పుడు అనిపించలేదంటే అది కూడా అబద్ధమే అవుతుంది. సంసారం సంగతులు బయటివాళ్లకెందుకని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె మేలుకే అని కూడా ఒకసారి చెప్పుకున్నాను.

మంగళవారం మేడం పేజీలు తిరగేసి ఎంత చక్కగా రాశారని మెచ్చుకుంది. తర్వాత నా భార్య వైపు తిరిగి, ఎంతో మెత్తగా, ఆధారం గడి మీద వేలు పెట్టి చూపించింది. చూడండమ్మా, ఏడు రోజులు రాశారు, ఆ ఆలోచన వచ్చిన ప్రతి రోజూ ఇక్కడ ఏమీ లేదు. ఎవరూ మిమ్మల్ని ఆ మాట అనలేదు. అలసిపోయిన మనసు అలాంటి మాటలు పుట్టిస్తుంది. దానికి భయపడకండి.

మేడం తప్పు ఏమీ లేదు. ఆమె ముందు ఉన్న కాగితం ప్రకారం ఆమె సరిగ్గానే చెప్పింది.

నా భార్య నా ముఖం చూసింది. “ఏమంటాంది?”

“అది నీ మనసు పుట్టిచ్చిన మాటంట,” అన్నాను. “ఎవురూ అనలేదంట.”

“పుట్టిచ్చినదా?”

“మేడమే చెప్తాంది కదా.”

ఇంటికొచ్చాక, నేను కాళ్లు కడుక్కుంటుంటే ఆమె చెంబు పట్టుకుని పక్కన నిలబడి అడిగింది. “బావా. ఆ పొద్దు నువ్వు ఆ మాట అంటివా, అనలేదా? నాకే అట్ల ఇనపడిందా?”

జీవితంలో ఒక్క ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పే అవకాశం ఇస్తే నేను ఆ ప్రశ్ననే కోరుకుంటాను.

“యాడంటి మే? నువ్వే అట్లనుకుంటివి,” అన్నాను.

ఆమె తల ఊపింది. నమ్మింది. చదువుకున్నవాళ్లు ఇద్దరు, మేడం ఒకరు, నేను ఒకణ్ణి, ఒకే మాట చెబితే నమ్మక ఏం చేస్తుంది?

ఆ తర్వాత ఆమె జబ్బు వేరే దారి పట్టింది. సాంబారు పొయ్యి మీద పెట్టి పక్కింటామెను పిలిచేది: “రవ్వంత చూసి చెప్పు, ఉప్పేసినానా?” తలుపు గొళ్లెం పెట్టి, పెట్టానా అని నన్ను అడిగేది. కూతురు ఫోనులో ఏదైనా చెబితే, పెట్టేశాక, “ఇట్ల చెప్పింది కదా? నాకు సరిగ్గానే ఇనపడింది కదా?” అనేది. చెనక్కాయను చెవితో తూకం వేసే మనిషికి తన చెవి మీదే నమ్మకం పోయింది. నేను చూస్తూ ఉన్నాను. ప్రతి మంగళవారం నోటుబుక్కు సంచిలో పెట్టుకుని తీసుకెళ్తూ ఉన్నాను.

మందులు వేసుకుంటున్నా, పనులు చేస్తున్నా ఎందుకు తగ్గడం లేదో మేడంకు అర్థం కాలేదు. ఐదో మంగళవారం పుస్తకం పక్కన పెట్టింది. ఇంట్లో కూర్చుని రాసింది చాలు, ఇప్పుడు బయటికి పోయి కనుక్కుందాం అంది. మీరు పనికిరారని జనం అనుకుంటున్నారని మీకు అనిపిస్తోంది కదా, మిమ్మల్ని ఎరిగినవాళ్లు ముగ్గుర్ని నేరుగా అడగండి. వాళ్లు చెప్పింది వచ్చే వారం నాకు చెప్పండి. అంటూ మూడు వేళ్లు చూపించింది. దీన్ని మార్చి చెప్పే అవసరం నాకు కనబడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పక్కింటివాళ్లను అడుగుతుందిలే అనుకున్నాను.

రెండు రోజులకు, మధ్యాహ్నం, నేను పలకల వరుస చివర నిలబడి ఉంటే ఆమె నడిచి వస్తూ కనిపించింది. ఆడవాళ్లు పలకల నీడలో కూర్చుని బాక్సులు తెరిచారు. రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి. ఆమె తిన్నగా వాళ్ల దగ్గరికి పోయి నిలబడింది. నేను దగ్గరికి పోయేసరికి అప్పటికే అడుగుతోంది.

“ముగ్గుర్ని అడగమని మేడం చెప్పింది, అందుకని వచ్చినాను. ఆ పొద్దు నేను కొడవలెత్తుకోని వచ్చినప్పుడు మీ సారు నన్ను ఏ పనికీ రావు అన్నాడా? లేకుంటే నాకట్ల ఇనపడిందా?”

అందరి కళ్లూ నా మీద పడ్డాయి. ఆనాడు హాజరు గురించి హాస్యమాడిన ఆమె బాక్సులోకి చూస్తూ, “యాడ గుర్తుంటాదక్కా. ఎన్ని దినాలాయె,” అంది.

నా భార్య రెండో ఆమె వైపు తిరిగింది.

“నేను ఆ పొద్దు పనికే రాలేదేమోనక్కా.”

నిజానికి ఆమె వచ్చింది. ఆ రోజు ఆమె పేరు పిలిచి గీత పెట్టింది నేనే. వాళ్లెందుకు అలా అన్నారో నాకు బాగా తెలుసు. పొద్దున పేర్లు పిలిచేవాణ్ణి నేను. నేను నోరు తెరిస్తే చాలు, తెరవలేదు. నా భార్య ముఖం చిన్నదైపోవడం చూశాను. ఇంక ఎవర్నీ అడగనట్టు టవలు సర్దుకుంది.

“నన్ను అడగవేమ్మా? ముసిల్దానికి చెవుడనుకుంటివా?”

స్తంభానికి ఆనుకుని కూర్చున్న అవ్వ. మోకాళ్ల నొప్పులతో గడ్డి కంటే ఎక్కువ మూలుగులే కోస్తుందని మిగతావాళ్లు ఏడిపిస్తుంటారు.

“అన్నాడమ్మా. నువ్వు ఇంగ ఏ పనికీ రావు, ఇంటికి పో అన్నాడు. మేమంతా నగితిమి. నేనూ నగితిని. సారు నగితే నగల్ల, లేకుంటే రేపు పేరు పిల్చడు.” అని నా వైపు తిరిగింది. “ఏమప్పా, రేపట్నుంచి నన్ను పన్లోకి రావద్దంటావా? అను. నువ్వన్నావా అని ఎవురన్నా అడిగితే ఈళ్లు ఇనపడలేదంటార్లే.”

ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు.

నా భార్య అక్కడే మట్టిలో కూర్చుంది. “అయితే అన్నాడు,” అంది.

“అన్నాడమ్మా.”

“నాకు ఇనపడింది నిజమే.”

“నిజమే తల్లీ. ఇంద, తిను.” అవ్వ తన ముద్ద విరిచి ఇచ్చింది. ఆమె తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఏడ్చిందా అంటే, ఏడ్చింది. తింటూనే ఏడ్చింది. కానీ మొత్తం తిన్నది.

అప్పుడు నేను ఏమన్నానో కూడా రాయాలి. “టైమైంది, లెయ్యండి,” అన్నాను.

ఆ మంగళవారం పావగడ బస్సు ఎక్కేముందు ఆమె చెప్పింది, “ఈ తూరి మేడంకు నువ్వే చెప్పల్ల. అంతా.” చెప్పాను. మేడం నోటుబుక్కును మొదటి పేజీ నుంచి మళ్లీ తిరగేసింది. కోపం గొంతులో వినబడకుండా మాట్లాడడానికి ఆమె కష్టపడడం నాకు తెలిసింది.

“ఆలోచనను పరీక్షించమంటే అది అబద్ధమని తేల్చమని కాదు,” అంది. “నిజమైతే నిజమనే తేలాలి. ఆయన నన్ను ఆ మాట అన్నాడు, ఇది జరిగింది. కాబట్టి నేను పనికిరాను, ఇది ఆమె దాని నుంచి కట్టుకున్న తీర్పు. మేము పని చేయాల్సింది ఆ రెండో దాని మీద. మీరు మొదటిదాన్నే చెరిపేశారు. ఇన్ని వారాలూ నేను ఆమెకు వైద్యం చేయలేదు. మీరు రాసినదానికి చేశాను.”

తర్వాత నన్ను బయట కూర్చోమంది. హిందూపురం వైపు నుంచి వచ్చే ఒక నర్సమ్మ ఆ రోజు నుంచి లోపల నా కుర్చీలో కూర్చుని మాటలు అటూ ఇటూ చెప్పింది. నేను వరండాలో బల్ల మీద. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. ఒకసారి మాత్రం నా భార్య నవ్వు వినబడింది.

ఒక్కసారిగా ఏమీ బాగుపడలేదు. లేవని పొద్దులు ఇంకా ఉన్నాయి, మాత్రలు ఇంకా ఉన్నాయి. కానీ ఉప్పు చూడమని పక్కింటామెను పిలవడం తగ్గిపోయింది. కొన్ని నెలలకు గడ్డి కోతకు పోయింది. వేరే బ్లాకులో, వేరే సూపర్వైజరు కింద. ఆమె హాజరు నేను వేయను.

ఇంతటితో ఆపితే నేను మారినవాడిలా కనిపిస్తాను. ఈమధ్య మనసు జబ్బుల గురించి ఊరివాళ్లకు చెప్పడానికి బడి ఆవరణలో ఒక సభ పెట్టారు. జబ్బు మనిషికి అండగా నిలిచినవాళ్లు ఎవరైనా మాట్లాడితే బాగుంటుందని నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నాను. నోటుబుక్కు సంగతి చెప్పాను, నా అబద్ధం చెప్పాను. జనం నిశ్శబ్దంగా వింటున్నారు. ఆ నిశ్శబ్దం నాకు బాగుంది. పలకల నీడలో జరిగిన దగ్గరికి వచ్చేసరికి నా నోరు దానంతట అదే అనేసింది: “ఆమె అడగగానే నేను ఆగలేకపోయాను. అందరి ముందర, నేనే అన్నానని ఒప్పుకున్నాను.” చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. మూడో వరుసలో నా భార్య ఉంది. ఆమె పక్కన అవ్వ ఉంది.

బండి మీద ఇంటికి వచ్చాం. ఇంట్లో ఆమె శాలువా మడిచి పెట్టెలో పెట్టింది. నీళ్లు తాగింది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

“బావా. ఆ పొద్దు నిజం చెప్పింది నువ్వా, అవ్వనా?”

వెంటనే జవాబు చెప్పానని రాయాలని ఉంది. వెంటనే చెప్పలేదు. యాడంటి మే అన్న పాత మాట నాలుక మీదికి వచ్చింది, అదే తీరుగా, అంతే తేలికగా. సభలో అందరూ విన్నారు కదా అనవచ్చు. నీకు సరిగ్గా గుర్తు లేదు అనవచ్చు. ఆమె నా ముఖం చూస్తూనే ఉంది. కాగితం చదవడం రాదు గానీ నా ముఖం ఆమె ఇరవై నాలుగేళ్లు చదివింది.

“అవ్వే,” అన్నాను.

“ఊఁ.” లేచి పొయ్యి దగ్గరికి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది. “నాకు తెలుసు. తెలీక అడగలేదు నిన్ను.”